బండి సందేహాలు: హ్యాండిల్ ఊగితే కోన్‌సెట్ బిగించడమేనా?

ప్రశ్న: నాది 150 సీసీ బండి, కొని ఏడేళ్లు దాటింది. 60లో పోతూ యాక్సిలరేటర్ వదిలేస్తే 50 దగ్గర మొదలై హ్యాండిల్ గడగడా కొట్టుకుంటుంది, 40 కిందికి రాగానే ఆగిపోతుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంటే తెలియదు. మెకానిక్ కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్ సెట్) మార్చి బాగా టైట్ చేశాడు. అదురు కాస్త తగ్గింది గానీ ఇప్పుడు కొత్త గొడవ, ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోతుంటే బండి పాములా అటూ ఇటూ పోతోంది. మళ్లీ కోన్‌సెట్టా, లేక షాకబ్జర్లు మార్చాలా?
(ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ప్రస్తుతానికి ఏదీ మార్చకండి. మీ బండికి ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు, అందులో రెండోది రిపేరు వల్ల వచ్చింది. నెమ్మదిగా పోయేటప్పుడు నేరుగా నడవడం లేదంటే కోన్‌సెట్ మరీ బిగించేశారనే అర్థం. బండి ఏ వైపు ఒరిగితే హ్యాండిల్ తనంతట తానే ఆ వైపు రవ్వంత తిరిగి బండిని మళ్లీ లేపుతుంది, మనకు తెలియకుండానే ఇది క్షణక్షణం జరిగిపోతుంటుంది. హ్యాండిల్ బిగుసుకుపోయాక ఆ పని మీరు చేతులతో చేస్తున్నారు, అదీ కాస్త ఆలస్యంగా. పాము నడక అందుకే.

డబుల్ స్టాండ్ వేసి, వెనక ఎవరినైనా కూర్చోబెట్టి ముందు చక్రం గాల్లోకి లేపండి. హ్యాండిల్‌ను మధ్యలో పెట్టి ఒక్క వేలితో కొంచెం పక్కకు నెట్టి వదిలేస్తే దానంతటదే చివరిదాకా పడిపోవాలి. దారిలో ఆగిపోయిందంటే బిగువు ఎక్కువైనట్టే (వైర్లు ఎక్కడా పట్టేయడం లేదని ముందే చూసుకోండి, లేకపోతే పాపం మెకానిక్‌ను ఊరికే తిట్టుకుంటాం). అలా కాకుండా సరిగ్గా మధ్యలో టక్కున గాడిలో పడినట్టు ఆగితే రేసర్లలో (కోన్‌సెట్ బాల్స్ తిరిగే రింగుల్లో) గుంటలు పడ్డాయి. రోడ్డు మీద గోతుల దెబ్బలన్నీ దాదాపు హ్యాండిల్ నేరుగా ఉన్నప్పుడే తగులుతాయి కాబట్టి బాల్స్ ఎప్పుడూ అదే చోట గుద్దుకుని గుంట చేస్తాయి. కొత్త సెట్ వేశాక ఇది ఉండకూడదు. కానీ కొన్ని షాపుల్లో టీకి (ముందు షాకబ్జర్లు, అంటే ఫోర్క్ కాళ్లు, రెండింటినీ కలిపి పట్టుకునే ముక్కకు) పట్టేసి ఉన్న కింది రేసర్ తీయడం కష్టమని దాన్ని అలాగే వదిలేసి మిగతావి మార్చేస్తారు, పాత గుంటల మీద కొత్త బాల్స్ తిరుగుతుంటాయి. తీసేసిన పాత ముక్కలన్నీ చూపించమని అడగండి, అడిగితే ఎవరూ కాదనరు.

చక్రం గాల్లో ఉండగానే ఫోర్క్ కాళ్లు రెండూ కింద పట్టుకుని ముందుకూ వెనక్కీ గుంజి చూడండి. టిక్కుమంటే ప్లే (వదులు) ఉంది, కానీ అది ఎక్కడిదో చేతికి తెలియదు. ఇంకొకరిని కింది టీకీ ఫ్రేమ్‌కీ మధ్య సందులో వేలు పెట్టి ఉంచమనండి. కదలిక అక్కడ తగిలితే కోన్‌సెట్, అక్కడ ఏమీ లేకుండా ఆయిల్ సీల్ దగ్గర తగిలితే ఫోర్క్ బుష్‌లు. షాకబ్జర్ల సంగతి అప్పుడు ఆలోచిద్దాం.

ఇక అసలు జబ్బు. వేగం తగ్గుతూ 50, 40 మధ్య, అదీ చేతులు వదులు చేస్తేనే కొట్టుకుంటోందంటే నా మొదటి అనుమానం ముందు టైరు మీద. 17 అంగుళాల చక్రం 50 వేగంలో సెకనుకు ఏడెనిమిది చుట్లు తిరుగుతుంది, హ్యాండిల్ తన సహజ లయలో ఊగేది కూడా ఇంచుమించు అంతే. రెండూ కలిసినప్పుడు టైరులోని చిన్న లోపం కూడా ప్రతి చుట్టుకూ సరిగ్గా సమయానికి ఒక తోపు తోస్తుంది, ఊపు పెరిగిపోతుంది. కోన్‌సెట్ బిగిస్తే ఆ ఊపు అణిగి ఉంటుంది, అందుకే మీకు తగ్గినట్టు అనిపించింది. జబ్బు అక్కడే ఉంది.

టైరు మీద అరచేత్తో ముందుకొకసారి, వెనక్కొకసారి నిమరండి. ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున గట్లు గట్లుగా తగిలితే దొంగ దొరికినట్టే. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. మీ ఏడేళ్ల బండికి అది మొదటి టైరే అయితే గాట్లు ఎంత బాగా కనిపించినా మార్చేయండి. గాలి సంగతి, ఈ రకం బళ్లకు ముందు 25 పీఎస్ఐ దగ్గరుంటుంది, కచ్చితమైన లెక్క మీ బండి స్టిక్కర్ మీద ఉంటుంది. కొన్ని పంక్చర్ షాపుల్లో అడగకుండానే 40 కొట్టి పంపిస్తారు. ఫోర్క్‌కు ఒక చీపురు పుల్ల కట్టి దాని కొన రిమ్‌కు తగలీ తగలకుండా పెట్టి చక్రం తిప్పితే రిమ్ ఎంత వంకరో మీకే కనిపిస్తుంది. అలాగే రిమ్ అంచు పక్కన టైరు మీద సన్నటి గీత ఉంటుంది, అది చుట్టూ ఒకే దూరంలో లేకపోతే టైరు సరిగ్గా కూర్చోలేదు. చక్రం బేరింగ్ కూడా అప్పుడే అటూ ఇటూ ఊపి చూసేయండి. ఇవన్నీ అయ్యాక కోన్‌సెట్ సరైన బిగువుకు వదులు చేయించుకోండి. కొత్త సెట్ సర్దుకుంటుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూపించాలి.

ప్రశ్న: బండికి రెండు పక్కలా పాల క్యాన్లు వేసుకుని రోజూ తెల్లవారుజామున వెళ్తాను. ఖాళీగా వస్తే ఏమీ ఉండదు. నిండు క్యాన్లతో 60 దాటితే బండి మొత్తం నెమ్మదిగా ఊగడం మొదలుపెడుతుంది. ముందు ఫోర్క్ పోయిందంటున్నారు.
(తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఫోర్క్ పాపం ఏం చేసింది? హ్యాండిల్ గబగబా కొట్టుకోవడం వేరు, బండి మొత్తం నెమ్మదిగా ఊగడం వేరు, ఈ రెండోది ఎక్కువగా వెనక నుంచే పుడుతుంది. 40 లీటర్ల క్యాన్‌లో పాలే 41 కిలోలు తూగుతాయి, రెండు క్యాన్లంటే వెనక ఇంకో మనిషి, కొంచెం ఎక్కువే. ఆ బరువు వెనక ఇరుసు దాటి వేలాడితే ముందు చక్రం తేలికైపోయి రోడ్డును సరిగ్గా పట్టుకోదు. క్యాన్లు వీలైనంత కిందకి, వీలైనంత ముందుకు వచ్చేలా స్టాండ్ మళ్లీ వెల్డింగ్ చేయించండి, రెండు వైపులా సమానంగా నింపండి. సగం నిండిన క్యాన్‌లో పాలు తొణుకుతూ ఊపుకు తోడవుతాయి కూడా. వెనక టైరుకు ఇద్దరు కూర్చుంటే పెట్టాల్సిన గాలి పెట్టండి. డబుల్ స్టాండ్ మీద వెనక చక్రాన్ని పక్కలకు గుంజితే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేమ్‌కు కలిపే చేయి) బుష్‌లు అరిగాయో లేదో తెలిసిపోతుంది, స్పోక్ చక్రమైతే వదులు స్పోకులు కూడా చూడండి. ఇవన్నీ అయ్యేదాకా 50 దాటవద్దు. పొరపాటున ఊపు మొదలైతే గట్టిగా బ్రేక్ వేయకండి, హ్యాండిల్‌తో కుస్తీ పట్టకండి, మోకాళ్లతో ట్యాంకు నొక్కి పట్టి, కాస్త ముందుకు వంగి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి.

ప్రశ్న: బండి పడిపోయాక హ్యాండిల్ ఒక పక్కకు ఉంటేనే చక్రం నేరుగా పోతోంది. టీ వంగిందని, మార్చాలని అంటున్నారు. (వరంగల్)

జవాబు: వంగి ఉండొచ్చు, కానీ చాలాసార్లు ఫోర్క్ కాళ్లు టీలో మెలితిరిగి ఉంటాయి, అంతే. ఇరుసు, మడ్‌గార్డ్, కింది టీ బోల్టులు వదులు చేసి, చక్రం రెండు కాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ సరిచేసి మళ్లీ బిగిస్తారు. అప్పటికీ ఒక పక్కకు లాగితే, లేదా రెండు ఫోర్క్ పైపులు పక్క నుంచి చూసినప్పుడు ఒకే వరసలో కనిపించకపోతే, అప్పుడు టీ విప్పించండి.

ప్రశ్న: డిస్క్ బ్రేక్ నొక్కినప్పుడు మాత్రమే హ్యాండిల్ అదురుతోంది. (కర్నూలు)

జవాబు: లివర్ కూడా వేళ్ల కింద లయగా కొట్టుకుంటే డిస్క్ వంకర పోయింది. లివర్ నిలకడగా ఉండి, బ్రేక్ పట్టగానే ఒక్క దెబ్బ టక్కుమంటే కోన్‌సెట్ వదులుగా ఉండొచ్చు, పైన మొదటి జవాబులో చెప్పినట్టు ఫోర్క్ కాళ్లు గుంజి, టీకీ ఫ్రేమ్‌కీ మధ్య సందులో వేలు పెట్టి చూడండి.