రెడింగ్ దగ్గర్లో నది ఒడ్డున పాత ఊరు ఏది చూపించాలి? వాలింగ్‌ఫర్డ్, దాంతో పాటు కాశీరాజు బావి

మీ అమ్మానాన్నలు వేసవికి ఇంగ్లండ్‌లోని రెడింగ్ వస్తున్నారు, లండన్, ఆక్స్‌ఫర్డ్ చూసేశారు, జనం తొక్కిడి లేకుండా నది ఒడ్డున ఉన్న పాత ఊరు ఒక్క రోజులో చూపించాలి అని మీరు అడిగారు. నా జవాబు థేమ్స్ ఒడ్డున ఉన్న వాలింగ్‌ఫర్డ్. ఆరేళ్ళు రెడింగ్‌లో ఉన్నాను. ఆ ఊరికి మూడుసార్లు వెళ్ళాను, ఒకసారి మా అమ్మ, నాయనతో. మీ పరిస్థితి దాదాపు అదే కాబట్టి ఆ రోజు సంగతే ఎక్కువగా రాస్తాను.

రెడింగ్ నుంచి ఇరవై నాలుగు, ఇరవై ఐదు కిలోమీటర్లు. ఆక్స్‌ఫర్డ్ నుంచీ, రెడింగ్ నుంచీ బస్సులున్నాయి, కానీ పెద్దవాళ్ళు ఉంటే కారులోనే వెళ్ళండి. ఎందుకో కింద చెబుతాను.

వీలైతే శుక్రవారం వెళ్ళండి. ఆ రోజు ఊరి నడుమ మార్కెట్ ప్లేస్‌లో సంత ఉంటుంది. ఈ ఊరికి రెండో హెన్రీ రాజు 1155లోనే హక్కుల పత్రం రాసిచ్చాడు, అప్పటి నుంచీ ఇది సంత ఊరే. సంత పెద్దదేమీ కాదు. కూరగాయలు, రొట్టెలు, జున్ను, పూల మొక్కలు. పక్కనే 1670లో కట్టిన టౌన్‌హాల్ రాతి స్తంభాల మీద నిలబడి ఉంటుంది, కింద అంతా ఖాళీ. మా అమ్మ దాన్ని చూడగానే "మన ఊరి చావిడి లాగుందే" అంది. నిజంగానే ఆ నీడలో నిలబడి మాట్లాడుకునే మనుషులు కనిపిస్తారు.

కోట గురించి ముందే చెప్పి తీసుకెళ్ళండి. మొదటిసారి నేను పెద్ద బురుజులు, గోడలు ఊహించుకుని వెళ్ళి నిరాశపడ్డాను. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో ఈ కోట చార్లెస్ రాజు పక్షాన చివరిదాకా నిలబడింది, 1646లో రెండు నెలలకు పైగా ముట్టడి తర్వాత గానీ లొంగలేదు. మళ్ళీ ఎవరికీ పనికి రాకూడదని 1652లో రాజు మీద గెలిచిన క్రామ్‌వెల్ పక్షపు ప్రభుత్వం కూలగొట్టించింది. అందుకే ఇప్పుడు మిగిలినవి మట్టి దిబ్బలు, లోతైన కందకాలు, అక్కడక్కడా గోడ ముక్కలు. చుట్టూ పచ్చిక, కింద నది. కథ తెలిసి నడిస్తే ఆ ఖాళీయే మనసుకు పడుతుంది.

మా అమ్మకు మటిల్డా కథ చెప్పాను. పన్నెండో శతాబ్దంలో సింహాసనం కోసం స్టీఫెన్ రాజుతో పోరాడిన రాణి ఆమె. 1142 డిసెంబరులో ఆక్స్‌ఫర్డ్ కోటలో శత్రువుల ముట్టడిలో చిక్కుకుంది. మంచు కురిసే రాత్రి కొద్దిమందితో బయటపడి, గడ్డకట్టిన థేమ్స్ దాటి, నడిచీ గుర్రమెక్కీ ఈ వాలింగ్‌ఫర్డ్ కోటకే వచ్చి చేరింది. మంచులో కనబడకుండా తెల్లని బట్టలు కట్టుకుందని చెబుతారు. పదకొండేళ్ళ తర్వాత, 1153లో, స్టీఫెన్‌కూ మటిల్డా కొడుకు హెన్రీకీ రాజీ మాటలు మొదలైంది కూడా ఈ ఊరి దగ్గరే. ఆ హెన్రీయే పైన చెప్పిన హక్కుల పత్రం ఇచ్చిన రాజు. ఆ పత్రాన్ని, తన తల్లికి ఆశ్రయమిచ్చిన ఊరికి హెన్రీ చూపిన కృతజ్ఞతగానే నేను చూస్తాను. అమ్మ పులిహోర డబ్బా తెరుస్తూ "పాపం, ఆ చలిలో ఎట్లా నడిచిందో" అని రెండు మూడుసార్లు అంది.

వంతెన మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. పొడవు దాదాపు 270 మీటర్లు. నది చూస్తే అంత వెడల్పు ఉండదు. నిండు వరదలో నీళ్ళు పక్క పచ్చిక బయలంతా పరుచుకుంటాయి, అందుకని అంత పొడవు. ఊరి పేరులో 'ఫర్డ్' అంటే కాలినడకన నది దాటే రేవు. 1066లో ఇంగ్లండ్ మీదికి దండెత్తిన నార్మన్ విలియం లండన్ వంతెన దాటలేక పడమటికి చుట్టు తిరిగి వచ్చి, థేమ్స్ దాటింది ఇక్కడే. ఊరికి మూడు వైపులా తొమ్మిదో శతాబ్దం నాటి మట్టికట్టలు ఇంకా ఉన్నాయి. డెన్మార్క్ వైపు నుంచి వచ్చిన డేన్ల దాడులు తట్టుకోవడానికి ఆల్ఫ్రెడ్ రాజు కాలంలో పోసినవి. నాలుగో వైపు నదే గోడ. కైన్‌క్రాఫ్ట్ అనే మైదానంలో పిల్లలు ఆ కట్ట మీద ఎక్కి దొర్లుతుంటారు, వెయ్యేళ్ళు దాటిన కట్ట.

మీ ఇంట్లో లా చదివినవాళ్ళుంటే నది పక్కన సెయింట్ పీటర్స్ చర్చి చూపించండి. ఇంగ్లండ్ చట్టాల మీద పేరున్న పుస్తకం రాసిన న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టోన్ సమాధి అక్కడే. డిటెక్టివ్ నవలలు ఇష్టమైతే అగాథా క్రిస్టీ ఇల్లు వింటర్‌బ్రూక్ హౌస్ ఊరి దక్షిణపు అంచున ఉంది. 1934లో కొన్నారు, 1976లో చనిపోయింది కూడా ఆ ఇంట్లోనే. లోపల వేరేవాళ్ళు ఉంటున్నారు కాబట్టి రోడ్డు మీద నుంచి చూసి వచ్చేయాలి. ఆమె సమాధి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో చోల్సీ ఊరి చర్చి ఆవరణలో ఉంది, పొలాల పక్కన, చాలా నిశ్శబ్దంగా. వాలింగ్‌ఫర్డ్ నుంచి చోల్సీకి పాత రైలు నడుపుతారు, కొన్ని వారాంతాల్లో, సెలవు రోజుల్లో మాత్రమే. మేము వెళ్ళిన రోజు అది నడవలేదు. ముందు చూసుకోనందుకు అమ్మ ముందు బాధపడ్డాను. మీరు తేదీలు చూసుకుని వెళ్ళండి.

ఇక అసలు విషయం. మధ్యాహ్నం రెండు దాటకుండా ఊరు వదిలి స్టోక్ రో అనే పల్లెకు బయల్దేరండి. పది కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, బీచ్ అనే జాతి చెట్ల అడవిలో సన్నటి రోడ్లు. బస్సును నమ్ముకోవద్దు, కారు అన్నది ఇందుకే. అక్కడ రోడ్డు పక్కన, పచ్చిక మధ్యలో, గుమ్మటం కింద ఒక బావి ఉంటుంది. గిలక యంత్రం మీద బంగారు రంగు ఏనుగు. కట్టించింది కాశీ మహారాజు ఈశ్వరీ ప్రసాద్ నారాయణ్ సింగ్.

ఆ కథ ఇది. ఆ పక్క ఊరు ఇప్స్‌డెన్‌కు చెందిన ఎడ్వర్డ్ రీడ్ అనే అధికారి మన ఉత్తరాదిలో చాలా ఏళ్ళు పనిచేశాడు, అక్కడ ఊరివాళ్ళ కోసం ఒక బావి కూడా తవ్వించాడు. తన ఊరి వైపు కొండల్లో నీటి కటకట గురించి మహారాజుకు చెప్పాడు. ఇంట్లో మిగిలిన ఆఖరి నీళ్ళు తాగేశాడని ఒక పిల్లాణ్ణి కొట్టడం చూశానని కూడా చెప్పాడట. అవి సుద్దరాయి కొండలు, పడిన వాన నిలవకుండా లోపలికి ఇంకిపోతుంది. రీడ్ ఇంగ్లండ్ వెళ్ళిపోయాక కూడా మహారాజు ఆ మాట మరచిపోలేదు. 1863లో తవ్వకం మొదలైంది, 1864 మే 24న, విక్టోరియా రాణి పుట్టినరోజున, బావి తెరిచారు. లోతు 368 అడుగులు, వెడల్పు నాలుగడుగులే. అంతా చేత్తో తవ్వినది. ఆ గిలక యంత్రం వాలింగ్‌ఫర్డ్‌లోని వైల్డర్ ఇనుప ఫౌండ్రీలో చేయించారు, అందుకే ఈ రెండూ ఒకే రోజు చూడమంటున్నాను. నీళ్ళు ఊరివాళ్ళకు ఉచితంగా ఇచ్చేవారు. బావి చూసుకునే మనిషికి పక్కన చిన్న ఇల్లు కట్టి, ఖర్చులకు చెర్రీ తోట వేశారు. తోట పేరు ఈశ్రీ బాగ్. మహారాజు గుర్తయిన చేప ఆకారంలో గుంట తవ్వి మఛలీ పోఖరా అన్నారు. డెబ్బై ఏళ్ళకు పైగా ఆ పల్లె ఈ నీళ్ళే తాగింది.

మాది అనంతపురం జిల్లా. మా నాయన చిన్నప్పుడు ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలిన మనిషి, తర్వాత మూడు బోర్లు వేయించి మూడూ ఎండిపోవడం చూసినవాడు. పొద్దుటి నుంచి కోట, వంతెన అన్నీ మౌనంగా చూశాడు. ఇక్కడ మాత్రం గట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, లోపలికి వంగి చూసి, "నాలుగడుగుల ఒరలో మనిషి వంగి గడ్డపార ఎట్లా వేసినాడ్రా? మట్టి ఎట్లా పైకి తీసినారు?" అని అడిగాడు. నిలువుల్లో లెక్క వేసుకున్నాడు, అరవై నిలువులు దాటింది. మేము అక్కడ పది నిమిషాలు ఉంటామనుకున్నాను, గంటన్నర ఉన్నాం. వచ్చేటప్పుడు ఎవరూ చూడకుండా బావి గట్టుకు దణ్ణం పెట్టుకున్నాడు. నేను చూశాను.

బావి చూడటానికి టికెట్ లేదు. నది పక్క దారిలో వానపడితే బురద ఎక్కువ, పెద్దవాళ్ళకు గట్టి బూట్లు వేయించండి, జులైలో అయినా స్వెటర్ ఉంచండి. మోకాళ్ళ నొప్పులుంటే కోట దిబ్బలు ఎక్కించకుండా కింద పచ్చికలో కూర్చోబెట్టండి, అక్కడి నుంచి నది, హంసలు బాగా కనిపిస్తాయి. మీవాళ్ళు ఏ నెలలో వస్తున్నారో కింద రాయండి, చోల్సీ రైలు నడిచే తేదీలు చూసి చెబుతాను.