విరేచనాలప్పుడు టెట్రా ప్యాక్ డ్రింక్ పట్టొచ్చా?

ప్రశ్న: మేడమ్, మా బాబుకి మూడేళ్లు, నిన్నట్నుంచి నీళ్ల విరేచనాలు. షాపులో టెట్రా ప్యాక్ ఇచ్చి ఓఆర్ఎస్ లాంటిదే అన్నారు, పట్టొచ్చా? పొడి కలిపితే అస్సలు తాగట్లేదు.
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: వద్దమ్మా, అలాంటి వాటిల్లో చక్కెర బాగా ఎక్కువ, అది పేగుల్లోకి ఇంకా నీళ్లు లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితేనే 2025 అక్టోబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అని వాడకూడదని చెప్పింది, తల్లులందరం ఆవిడకి రుణపడి ఉన్నాం నిజంగా.

మీరు ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి, లీటర్ ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటర్ కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం పొడి వేస్తే ఉప్పు లెక్క తప్పుతుంది, అది ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. గ్లాసుతో ఇస్తే తాగడు, స్పూన్‌తో నిమిషానికోసారి పట్టండి, వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టండి. విరేచనం అయిన ప్రతిసారీ 100 నుంచి 200 ఎంఎల్ లోపలికి వెళ్లాలి. ప్యాకెట్ దొరక్కపోతే లీటర్ నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ స్పూన్, తలకొట్టి కొలవాలి. పెరుగన్నం, ఇడ్లీ మానిపించకండి. జింక్ మందు 14 రోజులు డాక్టర్‌ని అడిగి వాడండి.

మత్తుగా పడుకున్నా, కళ్లు లోపలికి పోయినా, ఉచ్చ పోయకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండమ్మా.