విజయవాడలో సొంతంగా చిత్రోత్సవం పెట్టాలంటే ముందు ఏం చెయ్యాలి?

ప్రశ్న సారాంశం ఇదీ: నలుగురు స్నేహితులు, డిసెంబరులో విజయవాడలో మూడు రోజుల చిత్రోత్సవం. ఏసీ హాలు మాట్లాడేసుకున్నారు, ఒక హీరోని పిలుద్దామనుకుంటున్నారు. స్పాన్సరు దొరకట్లేదు, కాలేజీ పిల్లలు వస్తారో రారోనని బెంగ. ఏం చెయ్యాలి?

హాలుకిచ్చిన అడ్వాన్సు వెనక్కొచ్చేదైతే తెచ్చేసుకోండి. డిసెంబరు సంగతి తర్వాత. జూలై నుంచి నవంబరు దాకా పది చిన్న షోలు వెయ్యండి. నాలుగు హైస్కూళ్ళలో, మూడు డిగ్రీ కాలేజీల్లో, రెండు కాలనీల్లో, ఒకటి గాంధీనగర్లో. షోకి వందమంది చొప్పున వెయ్యిమందికి మీ మొహాలు తెలుస్తాయి. అందులో నూటయాభైమంది డిసెంబరుకి వచ్చినా హాలు కళగా ఉంటుంది. ఫ్లెక్సీ చూసి వచ్చే జనం హీరోతో పాటే వెళ్ళిపోతారు. రెండో రోజు పొద్దున షోకి మిగిలేది మీ నలుగురూ, ఆపరేటరూ, వాచ్‌మనూ.

హైస్కూల్ షో గురించి కాస్త వివరంగా చెప్పాలి, అందరూ తేలిగ్గా తీసుకుని బోల్తా పడేది ఇక్కడే. రెండు పీరియడ్లు అడిగితే హెడ్మాస్టరు సరేనంటారు, మూడో పీరియడ్ అడిగితే లెక్కల మాస్టారు అడ్డం పడతారు. అంటే చేతిలో ఉండేది 80 నిమిషాలు. పిల్లలొచ్చి సర్దుక్కూర్చోడానికి 10, చివర మాట్లాడుకోడానికి 20 పోతే మిగిలేవి 50. రెండు గంటల సినిమా ఊసెత్తొద్దు. పదీ, పదిహేనూ, ఇరవై నిమిషాలవి మూడు పొట్టి సినిమాలు చాలు. మధ్యాహ్న భోజనానికి ఆనుకుని షో పెట్టొద్దు. పప్పుచారు తాలింపు వాసన రాగానే తలకాయలన్నీ తలుపు వైపు తిరుగుతాయి, తెర మీద ఎంత గొప్ప దర్శకుడున్నా సరే.

వెలుతురు అసలు శత్రువు. కిటికీలకి నల్లగుడ్డ కడితే చాలనుకుంటారు. చవకగా దొరికే పల్చటి నల్లగుడ్డలోంచి పదకొండు గంటల ఎండ జల్లెడలోంచి పిండి దిగినట్టు దిగుతుంది. గుంటూరు చుట్టుపక్కల మిర్చి తోటల్లో పరిచే మల్చింగ్ షీటు తెలుసుగా, ఒకవైపు వెండిరంగు, ఒకవైపు నలుపు? నల్లవైపు గదిలోకి పెట్టి టేపు వేస్తే చుక్క వెలుగు రాదు. కిటికీ పైనున్న వెంటిలేటర్లు మాత్రం మర్చిపోవద్దు, అక్కణ్ణుంచి వచ్చే వెలుగే తిన్నగా తెర మీద పడుతుంది. ఇలా మూసేశాక వందమంది పిల్లలున్న గది పది నిమిషాల్లో ఆవిరి పొయ్యి అవుతుంది. అందుకే జూలై, ఆగస్టు షోలు మొదటి రెండు పీరియడ్లలో పెట్టుకోండి, ఫ్యాన్లన్నీ తిరగనివ్వండి. ఫ్యాన్ల మోతలో లాప్‌టాప్ స్పీకరు చీమ గొంతులా ఉంటుంది కాబట్టి రెండు పవర్డ్ స్పీకర్లు (ఆంప్లిఫయరు లోపలే ఉండేవి) తెరకి రెండు పక్కలా బల్లల మీద పెట్టండి.

తెర పెద్దదైతే గొప్ప అనుకోవద్దు. 3500 ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) ప్రొజెక్టరుకి పగటిపూట గదిలో 8 అడుగుల వెడల్పు బాగుంటుంది. దాన్నే 12 అడుగులకి లాగితే బొమ్మ వైశాల్యం రెండుంపావు రెట్లు పెరిగి, వెలుగు సగం కూడా మిగలదు. హెచ్‌డీఎంఐ వైరు (లాప్‌టాప్ నుంచి బొమ్మని ప్రొజెక్టరుకి తీసుకెళ్ళేది) ముప్పై అడుగులు దాటిందంటే అనుమానించాల్సిందే. ఇంట్లో బాగానే పనిచేసిన బొమ్మ, స్కూల్లో పొడుగు వైరు వెయ్యగానే మినుకు మినుకుమంటుంది. లాప్‌టాప్‌ని ప్రొజెక్టరు పక్కనే పెట్టి స్పీకర్ల వైరు పొడుగ్గా లాగండి. సౌండు వైరుకి ఆ పొడుగు అంత ఇబ్బంది కాదు.

ఇంకో సంగతి, ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు. ఏడో తరగతి పిల్లలు వాటిని ఆ వేగంతో చదవలేరు. చదవలేమని చెప్పరు కూడా, పక్కవాణ్ణి గిల్లడం మొదలుపెడతారు. ఇరానీ సినిమా అయినా, బెంగాలీ సినిమా అయినా మాటలు ముందే తెలుగులో రాసుకుని, మైకు దగ్గర ఒకరు కూర్చుని చదవాలి. నటించక్కర్లేదు, చదివితే చాలు. ముందు రెండుసార్లు సినిమాతో పాటు చదివి చూసుకోకపోతే మూడో నిమిషానికే మాట వెనకబడుతుంది.

షో అయ్యాక టీచర్లు అలవాటు కొద్దీ ‘ఇందులో నీతి ఏమిటి?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నతో గది చచ్చిపోతుంది. ‘కళ్ళు మూసుకుంటే ఏ బొమ్మ కనపడుతోంది?’ అని అడిగి చూడండి. ఒకడు చెప్పుల జత అంటాడు, ఒకమ్మాయి తలుపు గడియ అంటుంది. కెమెరా ఆ గడియకి అంత దగ్గరికి ఎందుకెళ్ళిందన్నది రెండో ప్రశ్న. మూడోది అవసరం రాదు.

ఆ స్కూలుకే రెండో వారం వెళ్ళి ఫోను సినిమా నేర్పండి. ఆరుగురికో జట్టు, జట్టుకో ఫోను, ఒక నిమిషం సినిమా, ఆరు షాట్లు, మాటలు లేకుండా. 1895లో లూమియేర్ సోదరులు తీసినవీ ఇంచుమించు అంతే, ఒక్కోటీ 50 సెకన్లు. పిల్లలకి ఆ మాట చెప్తే ధైర్యం వస్తుంది. మాటలు ఎందుకొద్దంటే, మాటలుంటే అందరూ వరసగా నిలబడి డైలాగులు అప్పజెప్తారు. ఇందులో చెడేవి ఎప్పుడూ అవే: ఫోను నిలువుగా పట్టుకోవడం, షాటు మధ్యలో ఫోన్ కాల్ రావడం, మెమొరీ నిండిపోవడం. మొదలుపెట్టేముందు ఏరోప్లేన్ మోడ్ వేయించి, రెండు జీబీ ఖాళీ ఉందో లేదో చూడండి. తీసినవి వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. పిల్లల మొహాలున్న వీడియో ఎక్కడైనా పెట్టేముందు తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. ఆ నిమిషం సినిమాల్ని డిసెంబరులో పెద్ద తెర మీద వేస్తామని చెప్పండి. ఒక్కో పిల్లకీ నలుగురు ఇంటివాళ్ళొస్తారు. ఏ హీరో వచ్చినా ఇంత నమ్మకంగా జనం రారు.

ఇంటర్ పిల్లల మీద ఆశ పెట్టుకోవద్దు. ఆదివారం కూడా పరీక్ష పెట్టే హాస్టళ్ళున్న ఊళ్ళు మనవి. పద్దెనిమిదేళ్ళు రాకముందే సినిమా అంటే నేరమని నేర్పేసి, ఆ తర్వాత యువతకి కళల మీద ఆసక్తి లేదని సభల్లో వాపోతాం. డిగ్రీ, పాలిటెక్నిక్ వాళ్ళని పట్టుకోండి. ప్రిన్సిపాల్‌కి రాసే ఉత్తరంతో పాటు ఒక లెక్చరర్ని కూడా పట్టుకోవాలి, లేకపోతే ఉత్తరం ఫైల్లోనే ఉంటుంది. వలంటీర్లకి ‘మీరే చూసుకోండి’ అనొద్దు. ఒకరికి తలుపు, ఒకరికి మైకు, ఒకరికి డెలిగేట్ల (ముందే పేరు నమోదు చేసుకుని వచ్చేవాళ్ళ) పట్టిక, ఇలా మనిషికో పని అప్పజెప్పండి. సెమిస్టరు పరీక్షల తేదీలు ముందే కనుక్కోండి.

గాంధీనగర్ షో ఎందుకన్నానంటే, తెలుగు సినిమా పంపిణీ అంతా ఒకప్పుడు ఆ వీధుల్లోనే నడిచింది. మారుతీ సినిమా హాలు 1921లో వచ్చిన ఊరిది. పాత ఆపరేటర్లు ఇంకా ఉన్నారు. ఒకాయన్ని పిలిచి, ట్రైలరు తాలూకు పాత 35 ఎంఎం ముక్కలు పిల్లల చేతుల్లో పెట్టించండి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే అడుగు ముక్కలో 16 బొమ్మలు, ఒక్కోదానికీ రెండు పక్కలా నాలుగేసి కన్నాలు, అంచున వంకరటింకర గీతలా ఉండేది సౌండు. సెకనుకి 24 బొమ్మలు కాబట్టి నిమిషానికి 90 అడుగులు, రెండున్నర గంటల సినిమాకి 13,500 అడుగులు. పద్నాలుగు రీళ్ళ సినిమా అని తాతలు అనేది ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. 1950కి ముందు నాటి ముక్కలైతే పిల్లల దగ్గరికి రానివ్వొద్దు. ఇట్టే అంటుకునే పాతరకం నైట్రేట్ ఫిల్ము అయితే, ఒకసారి అంటుకున్నాక నీళ్ళలో ముంచినా మండుతూనే ఉంటుంది.

కాలనీ షోలకి అక్టోబరు తుపాన్లు దాటాక ముహూర్తం చూసుకోండి. ఫ్లెక్సీ షాపులో అచ్చువెయ్యని తెల్ల ఫ్లెక్సీ పదడుగుల వెడల్పు రోల్లో దొరుకుతుంది, 16కి 9 అడుగుల తెరకి అతుకు అక్కర్లేదు. మెరిసేది తీసుకుంటే మధ్యలో లైటు వేసినట్టు తెల్లమచ్చ కనపడుతుంది, మ్యాట్‌ది అడగండి. అడుగుకో రింగు కొట్టించి సరుగుడు బాదులకి కట్టండి, పై తాడు బిగువుగా, కింద తాడు కాస్త వదులుగా. కిందా బిగిస్తే గాలొచ్చినప్పుడు తెరచాపలా లాగి బాదుల్నే పడగొడుతుంది. రాత్రి ఎనిమిదిన్నర తర్వాత మంచు మొదలవుతుంది, లాప్‌టాప్ మీద గొడుగు పెట్టండి, నవ్వినా ఫర్వాలేదు. మైకుకి పోలీసు స్టేషన్లో ముందే అనుమతి తీసుకోవాలి, రాత్రి 10 తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకరు చెల్లదు. కాబట్టి ఏడింటికి బొమ్మ పడాలి.

పడదు. ఎందుకంటే జ్యోతి ప్రజ్వలన, తర్వాత వేదిక మీదికి పదకొండుమంది, పదకొండు శాలువాలు, పదకొండు మెమెంటోలు. మనిషికి అయిదు నిమిషాలన్నా దాదాపు గంట పోయింది. ఇది మన ఊళ్ళకి పట్టిన జబ్బు. మందు ఒకటే: సన్మానాలన్నీ సినిమా అయ్యాక. శాలువా కావాల్సినవాళ్ళు సినిమా చూసే తీరతారు.

ఇక డబ్బు. కొత్తగా పెట్టిన సంస్థకి సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక పనులకి ఖర్చుపెట్టే డబ్బు) రాదు, ఆ దారిలో తిరిగి చెప్పులు అరగదీసుకోవద్దు. ట్రస్టుకైనా సొసైటీకైనా ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ (సంస్థకి పన్ను మినహాయింపు), 80జి (దాతలకి పన్ను రాయితీ) నమోదులు ఉండాలి, అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ళ చరిత్ర ఉండాలి, సీఎస్ఆర్-1 ఫారం వెయ్యాలి. పైగా కంపెనీ తన ప్రచారం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కిందికి రాదు. బట్టలకొట్టు వాళ్ళు బోర్డు పెట్టమని ఇచ్చేది ప్రకటన ఖర్చు, దానికి బిల్లు ఇవ్వండి, ‘విరాళం’ అనొద్దు.

మొదటి రెండేళ్ళు చందాలే నమ్ముకోండి. 300 మంది 500 చొప్పున ఇస్తే లక్షా యాభై వేలు. అది ఒకే షాపు ఇచ్చే లక్షా యాభై కన్నా మేలు, ఎందుకంటే ఆ 300 మందీ డబ్బులిచ్చాం కదా అని వచ్చి కూర్చుంటారు. అడగాల్సింది కాలనీ షో అయిన పది నిమిషాల్లోపే, క్యూఆర్ కోడు అట్ట మనిషి చేతిలో తిప్పుతూ. గేటు దగ్గర అంటిస్తే ఎవరూ ఆగరు. 80జి రసీదు కావాలంటే 2000 దాటిన నగదు పనికిరాదు, బ్యాంకు ద్వారానే తీసుకుని పాన్ నంబరు రాసుకోండి.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎవరినడిగినా ‘మా బావగారు అమెరికాలో ఉన్నారు, ఆయన ఇస్తారు’ అంటారు. ఆగండి. బావగారిది ఇంకా ఇండియా పాస్‌పోర్టే అయితే, సొంత డబ్బు మామూలు బ్యాంకు దారిలో పంపితే ఇబ్బంది లేదు, పాస్‌పోర్టు కాపీ దగ్గర పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకిచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఇక్కడి ఖాతాలోంచి రూపాయల్లో ఇచ్చినా అంతే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతీ, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా లేకుండా పైసా ముట్టుకోవద్దు.

సినిమాల హక్కులు: ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ ఇంట్లో చూడ్డానికే. తీసినవాళ్ళ దగ్గర తేదీ, చోటు రాసిన మెయిలు తెప్పించుకోండి, పొట్టి సినిమాల వాళ్ళు సంతోషంగా ఇస్తారు. సెన్సారు కాని సినిమాలు డిసెంబరులో వెయ్యాలంటే సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ నుంచి మినహాయింపు తెచ్చుకోవాలి, అవి నమోదైన డెలిగేట్లకే. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల షోలో మాత్రం సెన్సారు సర్టిఫికెట్ ఉన్నవే వెయ్యండి. 2023 సవరణ తర్వాత యూఏ (పిల్లలు పెద్దల మార్గదర్శనంలో చూడదగ్గవి) సర్టిఫికెట్లోనే 7+, 13+, 16+ అని మెట్లున్నాయి, ఏ తరగతికి ఏది అన్నది వాటితో తేల్చుకోవచ్చు.

థియేటర్లో వేసేటప్పుడు అక్కడ ఏ సర్వరు (సినిమా ఫైలు ఆడించే యంత్రం) ఉందో ముందు కనుక్కోండి, డీసీపీ (థియేటర్ల కోసం చేసే డిజిటల్ కాపీ) ఆడుతుందో లేదో దాన్నిబట్టే. సినిమాకి తాళం ఉంటే కేడీఎం అనే తాళంచెవి ఫైలు ఆ ఒక్క సర్వరుకే, ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకానే పనిచేస్తుంది. ఆ గంటల్ని యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) రాస్తే మనకి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. ఉదయం 6 నుంచి అని కాగితం మీద చూసి పదిన్నర షోకి నిశ్చింతగా ఉంటారు, తీరా అది మన 11:30. హాలు నిండా జనం, తెర మీద ఏమీ లేదు. ముందురోజు సెకండ్ షో వదిలాక, ఆపరేటరుని బతిమాలి ప్రతి సినిమా మొదట్నుంచి రెండు నిమిషాలు, మధ్యలోంచి రెండు నిమిషాలు ఆడించి చూసుకోండి. తాళంచెవి గడువు ఆ రాత్రి పరీక్షకి కూడా కలిసొచ్చేలా ముందే అడిగి పెట్టుకోండి.