నీళ్లు కొట్టింది ఇద్దరే, మిగతావాళ్లు ఏం చేస్తున్నట్టు?

ప్రశ్న: సార్, నమస్తే. మా వీధిలో కింద బట్టల గోడౌన్, పైన ఇళ్లు ఉన్న బిల్డింగులో రాత్రి పదింటప్పుడు మంటలు లేచాయి. ఫైరింజన్ వచ్చింది, ఆరుగురు దిగారు. నీళ్లు కొట్టింది మాత్రం ఇద్దరే. ఒకాయన బండి దగ్గరే నిలబడిపోయాడు, ఆఫీసరు బిల్డింగ్ చుట్టూ తిరిగి వచ్చాడు, మొదటి రెండు మూడు నిమిషాలు చుక్క నీరు పడలేదు. మా మరిది సాయం చేద్దామని పైపు పట్టుకోబోతే గట్టిగా అరిచారు. పాపం, ఇప్పటికీ బాధపడుతున్నాడు. వాళ్లు చేసింది కరెక్టేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ మరిది మంచి మనసుతోనే ముందుకొచ్చాడు, అందులో అనుమానం లేదు. ఆయన మీద అరిచింది కోపంతో కాదని, ఫైర్ సర్వీసు మనిషిగా నా తరఫున చెప్పండి. ఎందుకు అరిచారో మీకే అర్థమవుతుంది, చదవండి.

ముందు ఆ బండి దగ్గర నిలబడ్డ మనిషి సంగతి. ఆయన్ని డ్రైవర్ ఆపరేటర్ అంటారు. బండి ఆపగానే ఆయన పని అయిపోయిందని అందరూ అనుకుంటారు, నిజానికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. మామూలు వాటర్ టెండర్‌లో, అంటే నీళ్లు మోసుకొచ్చే ఫైరింజన్‌లో, 4,500 లీటర్ల నీళ్లుంటాయి. వినడానికి చాలా అనిపిస్తుంది కదా? 20 మిల్లీమీటర్ల నాజిల్‌తో (పైపు చివరి మూతి), 7 బార్ ప్రెషర్‌లో (బార్ అంటే ఒత్తిడి కొలత) కొడితే నిమిషానికి 700 లీటర్లు పోతాయి, అంటే ఆరు నిమిషాలు దాటగానే ట్యాంకు ఖాళీ. ఆ పొగలో, లోపల, పైపు పట్టుకున్నవాళ్లకి నీళ్లు ఎప్పుడు అయిపోతాయో తెలియదు, తెలిసేది బండి దగ్గరున్న ఈయనకే. అందుకే ఆయన కళ్లు గేజీ మీద, చెవులు లోపలి కేకల మీద ఉంటాయి. నీళ్లు తగ్గుతుంటే ముందే హెచ్చరించాలి, ఈలోపు ఇంకొకరు హైడ్రెంటో (ఫైరింజన్ పైపు తగిలించే నీళ్ల కుళాయి), బావో, వెనకొచ్చే రెండో బండో చూసి లైను కలపాలి. మొత్తం టీములో నాకు ఎక్కువ గౌరవం ఉన్నది ఈ మనిషి మీదే.

ఇక ఆఫీసరు చుట్టూ తిరగడం. కొన్నిసార్లు స్టేషన్ ఫైర్ ఆఫీసర్ వస్తాడు, కొన్నిసార్లు లీడింగ్ ఫైర్‌మన్ ఆ బాధ్యత తీసుకుంటాడు. ఎవరైనా సరే మొదట అడిగేది “లోపల ఎవరైనా ఉన్నారా?” అని. తర్వాత కరెంటు తీశారా, గ్యాస్ సిలిండర్లు ఎన్ని, లోపల ఏం సరుకుంది, మంట ఎటు పాకుతోంది. తీగల్లో కరెంటు ఉండగా నేరుగా ధార కొడితే ఆ నీళ్ల గుండానే షాక్ కొట్టొచ్చు. షట్టర్ ఒక్కసారిగా ఎత్తితే గాలి లోపలికి దూసుకెళ్లి, అప్పటిదాకా నివురుగప్పిన నిప్పులా ఉన్నది భగ్గున లేవొచ్చు. మీకు ఆలస్యంగా కనిపించిన ఆ రెండు నిమిషాల్లో ఇవన్నీ తేల్చుకుంటారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఒకే ఓడలో పత్తి బేళ్లు, పేలుడు పదార్థాలు కలిసి ఉన్నాయి. మంటలార్పుతుండగానే ఓడ పేలి 66 మంది ఫైర్‌మన్లు చనిపోయారు. ఏటా ఆ రోజున వాళ్లను తలచుకుంటాం. లోపల ఏముందన్న ప్రశ్నని తేలిగ్గా తీసుకోవడం మావల్ల కాదు.

మీ మరిది పట్టుకోబోయిన పైపు దగ్గరికి వద్దాం. ఆ పైపునే మేం హోసు అంటాం. 63 మిల్లీమీటర్ల హోసు, 15 మీటర్ల ముక్క, నీళ్లు నిండితే లోపలి నీళ్లే దాదాపు 47 కిలోలు. అప్పటిదాకా నేల మీద బెల్టులా పడున్నది ఒక్కసారిగా బిగుసుకుని పాములా మెలితిరుగుతుంది. ఇందాక చెప్పిన నాజిల్, ప్రెషర్‌లో వెనక్కి తన్నే బలం 40 కిలోలు దాటుతుంది. బ్రాంచ్, అంటే నాజిల్ ఉండే చివరి గొట్టం, చేతిలోంచి జారిందా, ఆ ఇత్తడి ముక్క గాల్లో కొట్టుకుంటూ ఎవరి తలకి తగిలితే వాళ్ల పని అంతే. పైగా ఒకవైపు నుంచి లోపలికెళ్లినవాళ్ల మీదికి ఎదురువైపు కిటికీలోంచి ఇంకొకరు నీళ్లు కొడితే, వేడి, ఆవిరి అంతా వాళ్ల మీదికే వెళ్తుంది. అందుకే ఎవరు, ఎటునుంచి, ఎప్పుడు అన్నది ఒక్కరే చెప్పాలి.

సాయం చేయాలంటే చాలా ఉంది. బండికి దారి ఇప్పించండి, హోసు మీదుగా బైకులు పోనివ్వకండి, ఎక్కడైనా మడత పడితే ఫైర్‌మన్‌కి చూపించండి, లోపల ఎవరున్నారో తెలిసిన మనిషిని ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ చివరిది అన్నిటికన్నా పెద్ద సాయం.

ప్రశ్న: ఫైర్‌మన్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. నేను సన్నగా ఉంటాను. హోసు పట్టుకోవడం బలం ఉన్నవాళ్లకే సాధ్యమా? టెన్షన్‌గా ఉంది.
– ఒక యువ పాఠకుడు

జవాబు: బలం కావాలి తమ్ముడూ, కానీ అంతకన్నా నిలబడే పద్ధతి కావాలి. ఒక కాలు ముందుకి, మోకాలు కాస్త వంచి, ఒళ్లు ముందుకి వాల్చి, హోసుని చంకకింద బిగించాలి. వెనక రెండోవాడు అదే పక్కన నిలబడి బరువు మోస్తాడు, నువ్వు కదిలితే హోసు అందిస్తాడు. ఆ రెండోవాడు సరిగా ఉంటే సన్నటి మనిషి కూడా సులువుగా తిప్పుతాడు, లేకపోతే పహిల్వాన్ కూడా రెండు నిమిషాలకే అలిసిపోతాడు. నాజిల్‌ని నెమ్మదిగా తెరువు, నెమ్మదిగా మూయి. ఠక్కున మూస్తే ఆ దెబ్బ పంపు దాకా కొడుతుంది, హోసు పగలొచ్చు కూడా.

డ్రిల్లులో మొదట నేర్పేది చుట్ట విప్పడం. హోసుని సగానికి మడిచి చుడతాం కాబట్టి రెండు కప్లింగులూ, అంటే హోసుని తగిలించే కొసలు, బయటే ఉంటాయి. వాటిని పట్టుకుని చుట్టని ముందుకి విసిరితే తిన్నగా పరుచుకుంటుంది. మేల్ కప్లింగ్ (లోపలికి దూరేది) పంపుకి, ఫిమేల్ (దాన్ని అందుకునేది) మంటవైపు. ఇది తారుమారైతే అంత దూరం పరిగెత్తింది వృథా. ‘టక్’ అని పడేదాకా నొక్కి, ఒకసారి వెనక్కి లాగి చూడు. గుమ్మంలోకి వెళ్లేముందు బయట రెండు మూడు వంపులు వదులుగా ఉంచుకో, లోపల హోసు అందక ఆగిపోవు. లైను సిద్ధమయ్యాకే “వాటర్ ఆన్” అని అరవాలి, అంతకుముందు కాదు.

ఇంకోటి, ఎవరూ చెప్పరు కానీ ఇందులో సగం పని మంట ఆరిపోయాకే. తెల్లవారుజామున మూడింటికి స్టేషన్‌కి వచ్చి, మసి, బురద పట్టిన హోసుని చీపురుతో రుద్ది కడిగి, ఎండ తగలకుండా వేలాడదీసి, కప్లింగుల్లో ఇసుక తుడిచి, ముందే ఆరి ఉన్న వేరే చుట్టలు బండిలో సర్దుతాం. అప్పుడే బండి మళ్లీ కాల్‌కి రెడీ. స్నానం ఆ తర్వాతే.