కీళ్ల నొప్పులు తగ్గాయి... మరి ఈ ఆయాసం ఎందుకు?

ప్రశ్న: నా వయసు 48. ఆరేళ్ల కిందట రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నట్టు తేలింది. వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు వేసుకుంటున్నాను. కీళ్ల నొప్పులు బాగా తగ్గాయి. కానీ మూడు నెలలుగా పొడిదగ్గు వేధిస్తోంది. మెట్లెక్కితే ఆయాసం. కళ్లలో ఇసుక పడినట్టుగా ఉంటోంది. వీటికీ కీళ్ల జబ్బుకూ సంబంధం ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉండవచ్చమ్మా. దగ్గు, ఆయాసాలను తర్వాతి చెకప్ దాకా వాయిదా వేయకండి. ఈ వారంలోనే మీ రుమటాలజిస్టును కలవండి.

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ను కీళ్ల జబ్బు అంటున్నాం గానీ, అసలు లోపం రోగనిరోధక వ్యవస్థది. అది పొరపాటున సొంత కణజాలం మీదే దాడికి దిగుతుంది. ఆ దాడి చాలావరకు ముందుగా కీళ్లలో బయటపడుతుంది, అక్కడితో ఆగాలని లేదు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది మీ ఊపిరితిత్తుల గురించే. వాటిలోని గాలి గదుల మధ్య ఉండే పలుచని పొర వాచి, క్రమంగా గట్టిపడితే ఆక్సిజన్ రక్తంలోకి సరిగా చేరదు. దీన్ని ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్ అంటారు. కీళ్ల నొప్పులు తగ్గినా ఇది లోలోపల ముదురుతూ ఉండవచ్చు. పొగతాగేవారికి ముప్పు ఇంకా ఎక్కువ. అరుదుగా మెథోట్రెక్సేట్ వల్ల కూడా ఊపిరితిత్తులు వాస్తాయి. ఇన్ఫెక్షన్ ఉందేమో కూడా చూడాలి. వీటిలో ఒక్కోదానికి చికిత్స ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఊహతో మందులు వాడకూడదు. తొలిదశలో మామూలు ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ (లోపలి భాగాలను సూక్ష్మంగా చూపే స్కాన్), ఊపిరితిత్తుల పనితీరు పరీక్షలతో విషయం తేలుతుంది. మెథోట్రెక్సేట్ తర్వాతి మోతాదు వేసుకోవచ్చో లేదో ముందే డాక్టర్‌ను అడగండి. మిగతా మందులు సొంతంగా మానేయకండి. జ్వరం వచ్చినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఆయాసానికి రక్తహీనత కూడా కారణం కావచ్చు. ఈ జబ్బులో అది తరచూ కనిపిస్తుంది. గుండెనూ పరీక్షించుకోవాలి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారికి గుండెజబ్బు ముప్పు ఇతరులకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు ఎప్పుడు చేయించుకున్నారో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఇక కళ్లు. ఇదే దాడిలో కన్నీటి గ్రంథులు దెబ్బతిని తడి తగ్గితే ఇసుక పడినట్టే ఉంటుంది. నోరు కూడా ఎండిపోతుంటే ఆ మాట తప్పక చెప్పండి. పొడికళ్లకు చుక్కల మందులతో ఉపశమనం దొరుకుతుంది. కానీ కన్ను ఎర్రబడి, లోపలి నుంచి తీవ్రంగా నొప్పి పుడితే, వెలుతురు చూడలేకపోతే ఒక్కరోజు కూడా ఆగకూడదు. కంటి తెల్లగుడ్డు వాస్తే చూపే దెబ్బతినవచ్చు.

చాలామంది డాక్టర్ ముందు కూర్చుని, ‘కీళ్లు బాగున్నాయి’ అని చెప్పి లేచి వచ్చేస్తారు. మీరు అలా చేయకండి. దగ్గు ఎప్పుడు మొదలైందో, ఎన్ని మెట్లకు ఆయాసం వస్తోందో కాగితం మీద రాసుకుని వెళ్లండి.