మీ కేసు ఫ్రిజ్‌లో ఉంది

ప్రశ్న: డిగ్రీ చదివే మా అబ్బాయి కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిల్ మూత తిప్పుతుంటే అది ఎగిరి కంటికి తగిలింది. ఆపరేషన్ చేయించినా చూపు పూర్తిగా రాలేదు. కంపెనీ వాళ్లు 20 నెలలుగా ‘విచారిస్తున్నాం’ అని మెయిల్స్ పెడుతున్నారు. బిల్లు లేదు, ఫోన్‌లో డబ్బు కట్టాం. మూత ఉంది, బాటిల్ కడిగి ఫ్రిజ్‌లో నీళ్లకు వాడుతున్నాం. అలాంటి కొత్త బాటిల్ కొని కేసులో పెట్టమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. కేసును తేల్చేది మాత్రం ‘నీళ్లకు వాడుతున్నాం’ అన్న ఒక్క మాట. సాక్ష్యంలో నీళ్లు పోసుకుని తాగుతున్నారు! ఈరోజే ఆపండి.

ఆ బాటిల్ మెడ మీది మరలు చూడండి. అక్కడక్కడ నిలువుగా సందులుంటాయి. మూత ఇంకా మరను పట్టుకుని ఉండగానే గ్యాస్ వాటిలోంచి ‘స్స్’మని పోవాలి. ముందే మూత ఎగిరిందంటే మరలోనో, బిగింపులోనో లోపం ఉందని అనుమానించాలి. కానీ 20 నెలలు రోజూ తిప్పిన మూత అది. మరలు మీ వాడకంతోనే అరిగాయని కంపెనీ లాయరు అంటాడు. వాళ్ల తరఫున ఉంటే నేనైనా అంటాను. అందుకే ఇక కడగకుండా, మూతతో సహా కవర్లో పెట్టి ఫొటోలు తీయండి. ల్యాబ్ పరీక్షకు పంపమని ఫిర్యాదుతోపాటే దరఖాస్తు పెట్టండి. తెరిచేటప్పటి జాగ్రత్తలు లేబుల్ మీద లేకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం అదీ తయారీదారు బాధ్యతే. మర వాదన వీగినా ఇది నిలవచ్చు.

కొత్త బాటిల్ ఆలోచన మాత్రం వెంటనే మానుకోండి. దాని మీద తయారీ తేదీ ఉంటుంది. ప్రమాదం తర్వాత తయారైన బాటిల్ మూత మీ అబ్బాయి కంటికెలా తగిలింది? దొంగ సాక్ష్యానికి ఏడేళ్ల వరకు జైలు. అసలు కేసూ పోతుంది.

గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. కంపెనీతో మెయిల్స్ నడిచినంత మాత్రాన అది పెరగదు. మీకు మిగిలింది మహా అయితే నాలుగు నెలలే. ఇన్నాళ్లూ ఆ మెయిల్స్ నమ్ముకుని కూర్చోవడం మీ తప్పే.

బిల్లు లేదని టెన్షన్ పడకండి, బ్యాంకు స్టేట్‌మెంట్ చాలావరకు సరిపోతుంది. మొదటి రోజు ఆసుపత్రి కేస్ షీట్ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. దెబ్బ మూత తగిలి అయిందని అందులో రాసి ఉందో లేదో ముందు చూడండి. కొన్నది మీరైనా, మీ అనుమతితో వాడిన అబ్బాయీ వినియోగదారుడే. అతని పేరుతోనే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఫీజు లెక్క వస్తువు ధర మీద కాబట్టి మీకు ఫీజే ఉండదు. నీళ్లకు ఇంకో సీసా చూసుకోండి.