ఏకాదశి మర్నాడు పరుగు

చెన్నై

ఒరేయ్ చిన్నా,

జనవరిలో హాఫ్ మారథాన్ సరిగ్గా ఏకాదశి మర్నాడు పడిందనీ, ఉపవాసమూ మాననూ, పరుగూ వదలననీ రాశావు. రెండూ చెయ్యొచ్చు. ఈ బీచ్ రోడ్డు మీద పరుగెత్తుతూ, ఏకాదశులు ఉంటూ వస్తున్న మనిషిగా చెబుతున్నాను. కాకపోతే ముందు ఒక్కటి తేల్చుకో. ఆదివారం తెల్లవారుజామున ఒంట్లో తేడా చేస్తే ఏది వదులుతావు? పరుగు వదులుతానంటే మిగతా ఉత్తరం చదువు. ఏదీ వదలనంటే ఈసారికి రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టు. 2012లో లండన్ ఒలింపిక్స్ రంజాన్ నెలలో వచ్చినప్పుడు బ్రిటన్ రన్నర్ మో ఫరా ఉపవాసాలు తర్వాతకి వాయిదా వేసుకుని, 5,000, 10,000 మీటర్లు రెండూ గెలిచాడు. అతని భక్తికి వచ్చిన లోటేమీ లేదు.

నిర్జలం మాత్రం నేను ఒప్పుకోను. మీ బామ్మ చుక్క నీళ్లు ముట్టకుండా ఉండేది, నిజమే. కానీ ఆవిడ మర్నాడు 21 కిలోమీటర్లు పరుగెత్తలేదు కదా! మన ఊళ్లో జనవరిలో కూడా గాలి నిండా తేమే. చెమట కారిపోతుందే తప్ప ఆరదు, ఒళ్లు చల్లబడదు. గంటకి లీటరు దాకా పోవచ్చు. నీ 60 కిలోల బరువుకి లీటరుంపావు పోయేసరికే కాళ్లు మొండికేస్తాయి. శనివారం మొదటినుంచే నీళ్లు లేకపోతే ఆ లెక్క ఎక్కడికి పోతుందో నువ్వే చూసుకో. శనివారం మధ్యమధ్య నీళ్లు, మజ్జిగలో సైంధవ లవణం. కొబ్బరిబోండం మంచిదే కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయే ఉప్పు దానితో ఒక్కదానితో తీరదు. అలాగని ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు లీటర్లకి లీటర్లు తాగడమూ ప్రమాదమే.

ఇక తిండి. కండల్లో నిలవున్న శక్తిని కండలే వాడుకుంటాయి, బయటికి ఇవ్వవు. తలకి అందాల్సిన చక్కెర కాలేయంలోంచి రావాలి, అక్కడుండేది 100 గ్రాములకి అటూఇటూగానే. ఒక రోజంతా తినకపోతే అది దాదాపు అడుగంటుతుంది. అందుకే ఉపవాసం ఉన్నవాళ్లకి కాళ్లు బాగానే ఉండగా కళ్లు తిరుగుతాయి. శుక్రవారం దశమి మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిను. శనివారం పరుగు వద్దు, షాపింగూ వద్దు. ఫలహారం ఒక్కసారే కాకుండా మూడుసార్లు తీసుకో. ఉడికించిన చిలగడదుంప, అరటిపళ్లు, ఖర్జూరం, పాలల్లో సగ్గుబియ్యం జావ ఇవి చాలు. అన్నం మానేశామని చెప్పి నాలుగు ప్లేట్ల ఉప్మా లాగించే ఏకాదశి మనవాళ్లలో కద్దు, దాని జోలికి నేను పోను. వేయించిన చిప్స్ మాత్రం తినకు, దాహంతో చస్తావు. రోజూ తాగే కాఫీ ఆ రోజే మానకు, తలనొప్పి పట్టుకుంటుంది.

ఖాళీ కడుపుతో పరుగెత్తితే కొవ్వు కరుగుతుందని మీ ఆఫీసు కుర్రాళ్లు అంటారు. నిదానంగా వెళ్తే కొంత నిజం. వేగం పెంచావా, ఒళ్లు చక్కెరే అడుగుతుంది. పక్కవాడితో మాట్లాడగలిగినంత వేగం చాలు నీకు. టైమింగ్ రికార్డు ఇంకో ఏడాది చూసుకుందువుగాని.

అసలు చిక్కు ద్వాదశి పారణ దగ్గరే, అంటే సూర్యోదయం అయ్యాక ఉపవాసం విడిచే దగ్గర. పరుగు 5 గంటలకి మొదలైతే సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. అప్పటికి నువ్వు 12, 13 కిలోమీటర్ల దగ్గర ఉంటావు. అంబరీషుడి కథ గుర్తుందా? భోజనానికి పిలిచిన దూర్వాసుడు స్నానానికి వెళ్లి ఎంతకీ రాడు, అతిథి కంటే ముందు తినకూడదు, ద్వాదశి ఘడియలేమో దాటిపోతున్నాయి. నీళ్లు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుందని పెద్దలు చెబితే అంబరీషుడు తీర్థం తీసుకుని వ్రతం నిలబెట్టుకున్నాడు. నువ్వూ అంతే. చిన్న సీసాలో తులసి తీర్థం నడుముకి కట్టుకో. పంచాంగంలో పారణ సమయం ముందే చూసుకో, కొన్ని ద్వాదశులకి సూర్యోదయం తర్వాత కూడా కాసేపు ఆగాలి. ఆ వేళ కాగానే తీర్థం పుచ్చుకుని, వెంటనే రెండు ఖర్జూరాలు నోట్లో వేసుకో. అంతవరకూ నీళ్ల స్టాల్ కనిపించిన ప్రతిచోటా రెండు గుక్కలు. పారణ అయ్యేలోపు కళ్లు తిరిగితే మాత్రం ముహూర్తం చూడకు, తినేసెయ్.

చేతులు వణకడం, చల్లటి చెమట, ఎండలో కూడా రోమాలు నిక్కబొడుచుకోవడం, ఊరికే చిరాకు, మాట తడబడటం, ఇందులో ఏది వచ్చినా ఆగి కూర్చో. వాలంటీర్‌కి ఉపవాసం ఉన్నానని చెప్పు. సిగ్గుపడి దాచుకునే కుర్రాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మోకాలు నొప్పనిపించినా ఖాళీ కడుపు మీద నొప్పి మాత్ర వేసుకోకు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలని దెబ్బతీస్తాయి. మీ నాన్న కూడా నీతో పరుగెత్తుతానంటున్నాడని విన్నాను. షుగర్ మాత్రలు వేసుకునే మనిషి, డాక్టర్ని అడగకుండా ఉపవాసమూ వద్దు, పరుగూ వద్దని నా మాటగా చెప్పు.

ముగించాక ముందు పాలో, అరటిపండో తీసుకో. గంట ఆగి ఇంటికి భోజనానికి రా. ఇక్కడి మార్కెట్లో ద్వాదశికి అవిసె ఆకు వస్తుంది, కూర చేస్తాను, ఉసిరికాయ పచ్చడి ఉంటుంది. బండి వేసుకుని రాకు, ఆటో ఎక్కి రా.

ఇట్లు,
మీ పెద్దమ్మ